కదలలేనిది వార్డంతా తిరుగుతోంది

పొద్దున ఎనిమిదిన్నరకు ఇంక్యుబేటర్ తలుపు తీస్తాను. రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉన్న ప్లేట్లను ఒక్కొక్కటే బయటికి తీసి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడడం నా పని. మైక్రోబయాలజిస్టుగా ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ప్లేటంటే అరచేతిలో పట్టే పల్చటి డబ్బా. అడుగున లేత గడ్డిరంగు జెల్లీ ఉంటుంది. రోగి రక్తం నుంచో, మూత్రం నుంచో, కఫం నుంచో పెంచిన బ్యాక్టీరియాను దాని మీద పల్చగా పరిచి, పైన మందు పట్టించిన తెల్లటి కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్ల 6 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తాం కన్నా చిన్నది. మందు పనిచేస్తే మర్నాటికి బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా మొలవని ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఈ పనిలో చేరిన కొత్తలో మంచి ప్లేటు చూస్తే చుక్కల చుట్టూ గీత తిప్పిన ముగ్గు గుర్తొచ్చేది. ఇప్పుడు ఐసీయూ నుంచి వచ్చే ప్లేట్లలో చాలావాటి మీద ఆ ముగ్గు లేదు. మంచు కమ్మినట్టు జెల్లీ అంతటా ఒకే బూడిదరంగు పొర. అది ప్రతి బిళ్ల అంచునూ ఆనుకుని ఉంటుంది. రిపోర్టులో ఏ మందు పేరు రాసినా పక్కన ‘ఆర్’ అనే రాయాలి. రెసిస్టెంట్. లొంగదు.

ఈ ‘ఆర్’ల గురించి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. జలుబుకూ జ్వరానికీ మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ మింగామని, తొందరపడి పవర్ ఎక్కువున్న మందు రాశామని. అవన్నీ నిజాలే. కానీ నా బల్ల దగ్గర నుంచి చూస్తే అది సగం కథే. మందుకు లొంగని బ్యాక్టీరియా పుట్టడం ఒక ఎత్తు, అది ఈ మంచం మీది మనిషి నుంచి ఆ మంచం మీది మనిషికి చేరడం ఒక ఎత్తు. చేరాలంటే ముందు పట్టుకోవాలి. చర్మాన్నో, ప్లాస్టిక్ గొట్టాన్నో, మంచం కమ్మీనో, మా చేతినో పట్టుకోవాలి. ఆ పట్టు గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. ఆస్పత్రి లోపల ఇంకా తక్కువ.

కొన్నేళ్ల కిందట, నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో జరిగింది చెబుతాను. వానాకాలం. పన్నెండు రోజుల తేడాలో ఐసీయూ నుంచి మూడు శాంపిళ్లు వచ్చాయి. నాలుగో నంబరు మంచం మీద ట్రాక్టర్ బోల్తాపడి ఛాతీ నలిగిన కుర్రాడు. ఏడో నంబరు మీద పక్షవాతం వచ్చిన రిటైర్డ్ మాస్టారు. తొమ్మిదో నంబరు మీద కిడ్నీలు పాడైన ఒక ఇల్లాలు. ఊళ్లు వేరు, జబ్బులు వేరు, ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు కారు. ముగ్గురూ వెంటిలేటర్ మీద ఉన్నారు. ముగ్గురి కఫంలోనూ ఒకే బ్యాక్టీరియా. దేనికి లొంగుతుంది, దేనికి లొంగదు అనే చిట్టా కూడా పొల్లుపోకుండా ఒకటే. చిట్టా కలిసినంత మాత్రాన ముగ్గురిలో ఉన్నదీ ఒకే వంశమని తేల్చడానికి వీల్లేదు. అందుకు జన్యుక్రమం చదవాలి, ఆ సదుపాయం మాకు లేదు. అయినా ఆ మూడు ప్లేట్లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నా ఒళ్లు చల్లబడింది.

దాని పేరు అసినెటోబాక్టర్ బౌమానీ. గ్రీకు మాటల్లోంచి వచ్చిన ఆ పేరుకు ‘కదలని బ్యాక్టీరియా’ అని అర్థం. టైఫాయిడ్ బ్యాక్టీరియాకూ కలరా బ్యాక్టీరియాకూ ఈదే తోకలుంటాయి. దీనికి లేవు. తడిగా ఉన్నచోట కాస్త పాకగలదు, అంతే. అలాంటిది నాలుగో మంచం నుంచి ఏడో మంచానికి, ఏడో మంచం నుంచి తొమ్మిదో మంచానికి ఎలా వెళ్లింది? మేమే మోశాం.

అలా మోయించుకోవడానికి దానికి రెండు విద్యలు తెలుసు. ఒకటి, ఎండిపోయినా బతికుండడం. 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఆరబెట్టిన గాజు ముక్కల మీద ఇది సగటున 27 రోజులు బతికింది. మరుసటి ఏడాది వచ్చిన మరో పరిశోధనలో, రోగి డిశ్చార్జి అయి వెళ్లిపోయిన 9 రోజుల తర్వాత కూడా అతని మంచం కమ్మీ మీద ఇది దొరికింది. నీళ్లు లేవు, తిండి లేదు, కమ్మీ మీద ఎండి కూర్చుంది.

రెండో విద్య పట్టు. దాన్ని అర్థం చేసుకోవడానికి కాస్త దగ్గరికి వెళ్లాలి.

ఈ బ్యాక్టీరియా ఒంటి మీద నూగులాంటి సన్నటి పోగులుంటాయి. పూసలు గుచ్చినట్టు ప్రోటీన్ ముక్కలు ఒకదాని వెనక ఒకటి కూర్చుకుని ఒక్కో పోగు తయారవుతుంది. చిట్టచివర ఉండే పూస మిగతావాటి లాంటిది కాదు. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2018లో ఆ చివరి పూస ఆకారాన్ని అణువు అణువూ చూసి చెప్పారు. దానికి మూడు వేళ్లున్నాయి. ఆ వేళ్లకు నీళ్లంటే గిట్టదు. ప్లాస్టిక్‌కు కూడా గిట్టదు కదా, తామరాకు మీద నీటిబొట్టులా ప్లాస్టిక్ మీద నీళ్లు జారిపోతాయి. నీళ్లంటే గిట్టని రెండు వస్తువులు నీళ్లలో ఎదురుపడితే ఏమవుతుందో వంటింట్లో రోజూ చూస్తాం. పులుసు మీద తేలే నూనెచుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోతాయి. ఆ మూడు వేళ్లూ ప్లాస్టిక్‌ను పట్టుకునేది అలాగే. జిగురుతో పనిలేదు, తాళంచెవి అవసరం లేదు. వెంటిలేటర్ గొట్టమైనా, సెలైన్ పైపైనా, మూత్రం సంచైనా దానికి ఒకటే.

అదే బృందం 2022లో ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ పోగు నిటారైన కడ్డీ కాదు, వంకరటింకరగా మడిచిన స్ప్రింగు. లాగితే చాలా పొడవు సాగుతుంది, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. గొట్టంలో ద్రవం ఎంత విసురుగా పారినా ఆ విసురును స్ప్రింగు మింగేస్తుంది, చివర ఉన్న వేళ్ల పట్టు ఊడదు. నాలుగు వందల కోట్ల ఏళ్ల జీవపరిణామంలో ఆస్పత్రి ప్లాస్టిక్ నిన్న మొన్నటిది. దాన్ని పట్టుకోవడానికి సరిపోయే చేతులు దీనికి ముందే ఉన్నాయి. ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నాకు స్థిమితంగా లేదు.

మిగతావాటి పట్లు వేరే రకం. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా కారణమయ్యే ఈ-కోలై పోగు చివర ఉండే ప్రోటీన్, మూత్రాశయం గోడ మీద మానోస్ అనే చక్కెరను వెతికి పట్టుకుంటుంది. మూత్రం ధారకు కొట్టుకుపోతుందని అనుకుంటాం. కానీ చేద తాడు ముడి లాగేకొద్దీ బిగిసినట్టు, ధార తోసేకొద్దీ దాని పట్టు బిగుస్తుంది. చర్మం మీద కాపురముండే స్టఫిలోకాకస్ రకాలు మన రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఆ పట్టును 2018లో మ్యూనిక్ శాస్త్రవేత్తలు లాగి కొలిస్తే, పరమాణువులను కలిపి ఉంచే రసాయన బంధం స్థాయిలో తేలింది. శరీరంలో ఏ గొట్టం దించినా మన ఒళ్లు కాసేపట్లోనే దాని మీద తన ప్రోటీన్ల పూత పూస్తుంది. పరాయి వస్తువును మచ్చిక చేసుకోవడానికి ఒళ్లు చేసే ప్రయత్నమది. ఆ పూతే వీటికి పీట అవుతుంది. అందుకే మూత్రం గొట్టం లోపల ఉన్న ప్రతి రోజూ 3 నుంచి 7 శాతం మందికి కొత్తగా బ్యాక్టీరియా పడుతుంది. నెల తిరిగేసరికి గొట్టం ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది.

పట్టు దొరికాక కట్టేది పాచి. ఈ మాట మనకు కొత్త కాదు. పొద్దున లేవగానే నాలుకకు పళ్ల మీద తగిలే జిగురూ, నీళ్ల తొట్టి గోడకు పట్టే పొరా పాచే. గొట్టం లోపలి పాచి కూడా ఆ జాతిదే. బ్యాక్టీరియా తమ చుట్టూ చక్కెరలతో, ప్రోటీన్లతో జిగురు అల్లుకుని, వరసల మీద వరసలుగా లోపల సర్దుకుంటాయి. అడుగు వరసల్లో ఉన్నవి పెరగడం దాదాపు ఆపేసి నిద్రలో ఉంటాయి. మన మందుల్లో చాలావరకు పెరుగుతున్న బ్యాక్టీరియాను చంపేవే. నిద్రపోయేదాన్ని అవి ఏమీ చేయలేవు. ఇక్కడ నా రిపోర్టు గురించి ఒక మాట ఒప్పుకోవాలి. నేను ప్లేటు మీద పరీక్షించేది విడివిడిగా పెరిగే బ్యాక్టీరియాను. పనిచేస్తుందని ‘ఎస్’ రాసిచ్చిన మందు కూడా గొట్టంలోని పాచి ముందు ఓడిపోవచ్చు. కాబట్టే మందు మార్చినా జ్వరం తగ్గనప్పుడు, ఆ గొట్టం తీసేయగలరా అని డ్యూటీ డాక్టరును అడుగుతాను. చాలాసార్లు గొట్టం తీశాకే జ్వరం దిగుతుంది.

పాచిలో ఇంకో పని కూడా నడుస్తుంది. అది తలుచుకుంటే ఎక్కువ భయం. పక్కపక్కన ఇరుక్కుని ఉన్న బ్యాక్టీరియాలో ఒకటి సన్నటి పోగు చాచి పక్కదాన్ని దగ్గరికి లాక్కుంటుంది. రెండూ ఆనుకున్నాక ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరానికి నకలు తీసి రెండోదానికి ఇస్తుంది. మందును విరిచేసే ఎంజైముల సూత్రాలు తరచూ ఆ ఉంగరం మీదే ఉంటాయి. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే జాతి కానక్కరలేదు. క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి ఈ-కోలైకి ఆ ఉంగరం వెళ్లగలదు. అంటే అంటుకోవడం, మందుకు లొంగకపోవడం అని మేం పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా చదువుకున్నవి రోగి గొట్టంలో ఒకటే అధ్యాయం. ఒంటరిగా ఉన్న బ్యాక్టీరియా ఇంకొకదాని నుంచి ఇలా అప్పు తెచ్చుకోలేదు.

భారతీయ వైద్య పరిశోధన మండలి ఏటా పెద్ద ఆస్పత్రుల నుంచి లెక్కలు తీస్తుంది. కార్బపెనెమ్ అనేది మేం ఐసీయూలో దాచుకుని వాడే మందుల కుటుంబం. అందులో ఇమిపెనెమ్‌కు 2016లో క్లెబ్సియెల్లా న్యుమోనియేలో 65 శాతం లొంగేవి. 2021కి 43 శాతమే. ఈ-కోలైలో లొంగనివి అదే ఐదేళ్లలో 14 శాతం నుంచి 36 శాతానికి పెరిగాయి. అసినెటోబాక్టర్ సంగతి చెప్పాలంటే, 2021లో 87.5 శాతం కార్బపెనెమ్‌లకు లొంగలేదు. ఆ తర్వాత మిగిలేది కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేసిన పాత మందు. ఇప్పుడు బతిమాలుకుని తెచ్చుకుంటున్నాం. ప్రపంచం మొత్తం మీద 2021లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 11.4 లక్షల మంది ప్రాణాలు తీసిందని, 47.1 లక్షల మరణాల్లో వాటి పాత్ర ఉందని లాన్సెట్ పత్రిక 2024లో అంచనా ప్రచురించింది.

మళ్లీ ఆ మూడు మంచాల దగ్గరికి వస్తాను. ఆ రోజు మధ్యాహ్నం స్వాబుల డబ్బా పట్టుకుని ఐసీయూకి వెళ్లాను. స్వాబంటే చివర దూది చుట్టిన పుల్ల. దాన్ని తడిపి అనుమానమున్న చోటల్లా రుద్ది, తెచ్చి ప్లేటు మీద పూస్తాం. నేను మంచం కమ్మీ కింద చెయ్యిపెట్టి రుద్దుతుంటే అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసే ఆయమ్మ ఒకామె నొచ్చుకుంది. “పొద్దున్నే తుడిచేశానమ్మా. ఫినాయిలు వాసన రావట్లేదా?” వాసన వస్తోంది, నేల మెరుస్తోంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఐసీయూ అంతటికీ ఆమెకు ఇచ్చింది ఒక బకెట్టు, ఒక మాపు. నాలుగో మంచం కింద తుడిచిన నీళ్లతోనే తొమ్మిదో మంచం కింద కూడా తుడవాలి. కమ్మీ పైభాగం తుడిచింది. కానీ రోగిని పక్కకు తిప్పేటప్పుడు మనం వేళ్లతో పట్టుకునేది కమ్మీ అడుగుభాగం. దాన్ని తుడవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇరవై మూడు స్వాబులు తీశాను. మూడింటిలో అదే బ్యాక్టీరియా మొలిచింది. ఒకటి ఏడో మంచం కమ్మీ అడుగున. రెండోది వెంటిలేటర్ మీద అందరూ తిప్పే గుండ్రటి మీట. మూడోది బీపీ పట్టీ. ఆ పట్టీ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ముదురు నీలం గుడ్డ, లోపలివైపు చెమటతో గట్టిపడి అక్కడక్కడా మెరుస్తోంది. అంటించే ముళ్లపట్టీలో దూదీ నూగూ వెంట్రుకలూ ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కో మంచానికి ఒక్కో పట్టీ ఉండాలి. మిగతావి చిరిగిపోతే కొత్తవాటికి ఇండెంట్ పెట్టి ఐదు నెలలైందట. అందుకని ఆ ఒక్కటే నాలుగు మంచాల చుట్టూ గంటకోసారి తిరుగుతోంది. మందు ఖరీదు రోజుకు వేలల్లో ఉన్న చోట, ఒక పట్టీ కొనడానికి ఐదు నెలలైనా చాలలేదు.

మాకు లేని జన్యుక్రమం సదుపాయం ఉన్న చోట ఏం తేలిందో చూడండి. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల ఆస్పత్రికి 2011 జూన్‌లో న్యూయార్క్ నుంచి ఒక రోగి వచ్చింది. ఆమెలో కార్బపెనెమ్‌లకు లొంగని క్లెబ్సియెల్లా ఉందని ముందే తెలుసు. విడి గదిలో ఉంచారు, గౌన్లు, గ్లౌజులు వాడారు. జులైలో ఆమె డిశ్చార్జి అయింది. మూడు వారాల తర్వాత, ఆమెను ఎన్నడూ కలవని ఇంకో రోగిలో అది బయటపడింది. ఆ ఏడాది ముగిసేసరికి ఆమెతో కలిపి 18 మందిలో అది కనబడింది. వాళ్లలో 11 మంది చనిపోయారు. అందులో 6 మరణాలకు ఈ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు. ప్రతి రోగి నుంచి తీసిన బ్యాక్టీరియా జన్యుక్రమం చదివి, అక్షరం తేడాలను బట్టి ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో గీసుకుంటూ పోతే, అంతా ఆ మొదటి రోగి నుంచి మొదలైనదే. మధ్యలో కొందరు ఏ జబ్బు లక్షణమూ లేకుండా పేగుల్లో దాన్ని మోశారు. సింకుల గొట్టాల్లో దొరికింది. శుభ్రం చేసి పక్కన పెట్టిన ఒక వెంటిలేటర్ మీద కూడా దొరికింది. ప్రపంచంలోనే డబ్బుకు, పరిజ్ఞానానికి లోటులేని ఆస్పత్రుల్లో అదొకటి.

సింకు మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగాలి. చేతులు కడుక్కునే సింకు కింద వంపు తిరిగిన పైపు ఉంటుంది, అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలుస్తాయి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో అచ్చం ఐసీయూ సింకుల్లాంటివే వరుసగా కట్టి, ఆ వంపులో వెలుతురులో మెరిసే రకం ఈ-కోలైని వదిలి గమనించారు. 2017లో వాళ్లు చెప్పిన ఫలితమిది. తిండి దొరికితే పాచి పైపు గోడ పట్టుకుని రోజుకు సుమారు అంగుళం చొప్పున పైకి ఎక్కింది. వారంలో జల్లెడ దాకా వచ్చింది. జల్లెడకు చేరాక, కుళాయి తిప్పితే నీటి తుంపరలతో పాటు చుట్టుపక్కల పడింది. తిండి ఎవరు పెడతారు? మనమే. మిగిలిన గ్లూకోజు సెలైన్, తాగగా మిగిలిన టీ, పాలు, ట్యూబు ద్వారా ఇచ్చే గంజి అడుగు. వార్డులో సింకు కనబడితే అటెండర్లూ స్టాఫూ అందరం అందులోనే ఒంపుతాం. శుభ్రం కోసం కట్టిన చోటే మేత పోస్తున్నాం.

ఆస్పత్రిలో అంటుకోవడం పసిపిల్లలనూ వదల్లేదు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆస్పత్రుల్లో నవజాత శిశువుల ఐసీయూలలో చేరిన 13,530 మంది పసిపిల్లలను గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. నూటికి 14 మందికి పైగా సెప్సిస్, అంటే ఒళ్లంతటినీ కుదిపేసే ఇన్ఫెక్షన్, సోకింది. రక్తంలో దొరికిన వాటిలో అసినెటోబాక్టర్‌దే మొదటి స్థానం, అందులో 82 శాతం చాలా రకాల మందులకు లొంగనివి. నన్ను కలవరపెట్టింది వేరే అంకె. సెప్సిస్ సోకిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి పుట్టిన 72 గంటల లోపే సోకింది. అంటే కాన్పు గదిలోనో, తొలి గంటల్లో ఎత్తుకున్న చేతుల్లోనో అంటుకుని ఉండొచ్చు. ఇంకా పేరు కూడా పెట్టని బిడ్డకు ఆస్పత్రి బ్యాక్టీరియా ముందే అందింది.

అంతా ఆస్పత్రి గోడల లోపలే పుడుతుందని నేను అనడం లేదు. స్వీడన్‌లో 2008లో ఒక భారతీయ సంతతి రోగిలో కనిపెట్టిన, కార్బపెనెమ్‌లను విరిచేసే ఎంజైముకు న్యూఢిల్లీ పేరు పెట్టినప్పుడు మన దేశం పేరు మీద పోట్లాడింది. 2011లో ఢిల్లీ కుళాయి నీళ్లు 50 చోట్ల పరీక్షిస్తే రెండు చోట్ల, వీధుల్లో నిలిచిన మురుగు 171 చోట్ల పరీక్షిస్తే 51 చోట్ల ఆ ఎంజైము జన్యువు దొరికింది. మనకు ఇంకా దగ్గరి సంగతి పటాన్‌చెరు. అక్కడ సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో బతికినవి పేగుల్లోకి చేరతాయి, పేగుల్లో మోస్తూ మనిషి ఆస్పత్రికి వస్తాడు. ఇంటి నుంచి తెచ్చుకున్నది ఒకరిదే. దాన్ని పన్నెండు మందికి పంచేది మేం.

పంచడం ఆపవచ్చని రుజువులున్నాయి, అందుకే ఇదంతా రాస్తున్నాను. జెనీవా విశ్వవిద్యాలయ ఆస్పత్రుల్లో 1994లో సిబ్బంది చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో 48 శాతమే చేసుకునేవారు. ప్రతి మంచం దగ్గరా ఆల్కహాల్ సీసా పెట్టి, పోస్టర్లు అంటించి, ఎవరెంత చేస్తున్నారో లెక్కగట్టి చూపిస్తూ పోతే 1997కి అది 66 శాతమైంది. ఆస్పత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి దిగాయి. మా డాక్టర్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ చేతులు తక్కువసార్లు శుభ్రం చేసుకున్నది నర్సులు కాదు, డాక్టర్లు. పని ఒత్తిడి పెరిగేకొద్దీ అందరూ మరిచిపోయారు.

ఇజ్రాయెల్‌లో కార్బపెనెమ్‌లకు లొంగని క్లెబ్సియెల్లా 2007 మార్చి నాటికి 27 ఆస్పత్రుల్లో 1,275 మందికి పాకింది. ప్రభుత్వం దేశమంతటికీ ఒకే ఆదేశం ఇచ్చింది. ప్రతి కేసూ చెప్పి తీరాలి, రోగిని విడిగా ఉంచాలి, ఆ రోగులను చూసే నర్సులు మిగతా రోగులను ముట్టకూడదు. పద్నాలుగు నెలల్లో కొత్త కేసులు 79 శాతం తగ్గాయి. కొత్త మందేమీ రాలేదు. తగ్గించింది కొత్త అలవాటు.

ఆ అలవాటుకు ఖర్చుంది, దాన్ని దాచకూడదు. ఆల్కహాల్‌తో చేతులు సరిగా రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు కావాలి. గంటకు ఇరవై సార్లు రుద్దుకోవాల్సి వస్తే అదే పది నిమిషాల దాకా అవుతుంది. ఒక సిస్టర్‌కు నాలుగు వెంటిలేటర్లు అప్పగించి, ఆ పది నిమిషాలు ఎక్కణ్నుంచి తెస్తావని అడిగే హక్కు ఎవరికీ లేదు. అసలు ఎన్ని ఇన్ఫెక్షన్లు తమ దగ్గర అంటుకున్నాయో లెక్కగట్టి బయటపెట్టే ఆస్పత్రులు మన రెండు రాష్ట్రాల్లో నాకు తెలిసినంతలో చాలా అరుదు. లెక్క చెబితే పేరు పోతుందని భయం. నిజానికి సున్నా కేసులని చెప్పే ఐసీయూని చూస్తేనే నాకు భయం. వాళ్లు వెతకడం లేదని అర్థం.

మీవాళ్లు ఐసీయూలో ఉంటే రోజుకోసారి అడగండి. సార్, ఈ మూత్రం గొట్టం ఇవాళ కూడా అవసరమా? ఈ లైన్ తీసేయొచ్చా? మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పడితే పట్టనివ్వండి. రౌండ్స్‌కు వచ్చినవాళ్లు చేతికి ఆల్కహాల్ రాసుకోకుండా మీ మనిషి పొట్ట మీద చెయ్యి వేయబోతే సీసా అందించండి. ఆయమ్మ మీద కేకలేయకండి. ఆమెకు రెండో బకెట్టు ఎందుకు ఇవ్వలేదని సూపరింటెండెంటును అడగండి.

ఆ వానాకాలంలో నాలుగో మంచం కుర్రాడు కొలిస్టిన్‌తో కోలుకుని నడిచి వెళ్లాడు. తొమ్మిదో మంచం ఆవిడ కూడా ఆలస్యంగా బయటపడింది. ఏడో మంచం మీది మాస్టారు పోయారు. పక్షవాతం ఆయన్ని అప్పటికే సగం తీసుకుపోయింది. మిగతా సగం ఎవరు తీసుకుపోయారో డెత్ సర్టిఫికెట్ మీద రాయలేదు. ఆయన వెళ్లాక మంచం తుడిచారు, పరుపు కవరు మార్చారు. అంతకుముందు అదే మంచం మీద ఉన్న రోగికి ఇలాంటి బ్యాక్టీరియా ఉంటే తర్వాత వచ్చే రోగికి అది పట్టే అవకాశం సుమారు రెండింతలని 2015లో చాలా అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. అది తెలుసు కాబట్టి తుడిచాక నేనే వెళ్లి, ఆ కమ్మీ అడుగున ఇంకో స్వాబు తీసుకున్నాను. బ్యాక్టీరియా పెరగడానికి ఒక రాత్రి, అది ఏదో తేల్చడానికి ఇంకో రోజు. రెండో రోజు సాయంత్రం ప్లేటు మీద మళ్లీ అదే బూడిదరంగు పొర. ల్యాబ్ నుంచే ఐసీయూకి ఫోన్ చేశాను. సిస్టర్ ఎత్తింది.

“ఏడో నంబరు మంచం ఖాళీగానే ఉంచారు కదా సిస్టర్?”

“లేదు మేడమ్. మొన్న రాత్రే పేషెంటును ఎక్కించాం. బయట ఇంకా ఇద్దరు బెడ్ కోసం కూర్చుని ఉన్నారు.”